సిలిండరు జాతకం

ఆడవాళ్ళకు అంకెలంటే పడవని లోకంలో ఒక అపవాదు ఉంది. ఈ మాట పుట్టించినవాళ్ళు ఎవరో గాని, వాళ్ళు జన్మలో ఒక్క నెల పాలలెక్క రాసి ఉండరు. పాలబ్బాయి ఏ రోజున అరలీటరు తగ్గించి పోశాడో, చీటీపాటలో ఎన్నో నెల ఎవరు ఎంతకు పాడుకున్నారో, రేషను కార్డు నంబరేమిటో, పిల్లవాడి హాల్‌టికెట్టు నంబరేమిటో, మార్కాపురానికి మొదటి బస్సు ఎన్నింటికో - ఇవన్నీ ఇంట్లో ఎవరి నోట ఉంటాయండీ? మావారి నోట మాత్రం ఉండవు. ఆయనకు మా పెళ్ళి తేదీ గుర్తుండటమే ఒక విశేషం.

అయితే ఒక్కచోట మాత్రం మనం అంకెల వంక కన్నెత్తి చూడం. వంటింట్లో గట్టు కింద, మూలగా, నిండు గర్భిణిలా ఒకావిడ కూర్చుని ఉంటుంది చూడండి. గ్యాసు సిలిండరమ్మ. ఆవిడ మెడ చుట్టూ రాతలే. వచ్చినరోజున పసుపు బొట్టు పెట్టేవాళ్ళను ఎరుగుదును, పాత చీర ముక్కతో గౌను కుట్టి తొడిగేవాళ్ళను ఎరుగుదును. ఆ రాతలు చదివేవాళ్ళను మాత్రం మా యర్రగొండపాలెంలో నేనెక్కడా చూడలేదు.

నేను బి.ఏ. చదివినదాన్ని. యంత్రాలతో నా స్నేహం మిక్సీతో మొదలై గ్రైండరుతో ముగుస్తుంది. నా నవలల్లో ఇంజనీర్లకు కొదవ లేదు గాని, వాళ్ళు ఫ్యాక్టరీకి వెళ్ళి పని చేసిన దాఖలా ఏ ప్రకరణంలోనూ దొరకదు. అందరూ సాయంత్రం ఆరయ్యేసరికి నాయిక ఇంటి ముందు కారు ఆపేవాళ్ళే.

అసలు సిసలు ఇంజనీరు మా ఇంట్లోనే ఒకడున్నాడు. మా అన్నయ్య కొడుకు. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు కంపెనీలో తనిఖీ విభాగంలో పని. ఎరువుల ఫ్యాక్టరీలకు, నూనె శుద్ధి కర్మాగారాలకు కావలసిన పెద్ద పెద్ద ఇనుప పీపాలు చేస్తారట అక్కడ. లోపల ఆవిరో, వాయువో విపరీతమైన ఒత్తిడితో ఉంటుంది గనక వాటిని ప్రెషర్ వెసెల్స్ అంటారు. మా అన్నయ్య కూడా ఆ పనిలోనే తల నెరపించుకున్నాడు. 1966లో విశాఖలో పెట్టిన భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసెల్స్‌లో చేశాడు. ఆ కంపెనీ 2013లో బి.హెచ్.ఇ.ఎల్.లో కలిసిపోయింది గాని, మా వదిన ఇప్పటికీ 'మా ప్లేటు వెసెల్సు' అనే అంటుంది, పుట్టింటి పేరు చెప్పుకున్నట్టు.

2025 శివరాత్రికి శ్రీశైలం వెళుతూ ఈ మేనల్లుడు మా ఇంట్లో దిగాడు. కాఫీ కలుపుతున్నాను. వంటింటి గడపలో నిలబడి, నా మొహం చూడ్డం మానేసి గట్టు కిందికి వంగి చూస్తున్నాడు.

"అత్తా, దీని జాతకం చూశావా?" అన్నాడు.

"ఎవరిదిరా?"

"సిలిండరుది. నీ నెత్తిన పెట్టుకుని కాపురం చేస్తున్నావుగా, జాతకం చూడొద్దూ?"

కాఫీ చల్లారిపోయింది గాని, ఆ పూట వాడు చెప్పింది మాత్రం చల్లారనివ్వకుండా మీకు చెబుతాను.

సిలిండరుకు పైన పట్టుకునే గుండ్రటి కమ్మీ ఉంటుంది కదా. ఆ కమ్మీని ఒంటికి కలుపుతూ నిలువుగా ఇనుప పట్టీలుంటాయి. ఆ పట్టీలే దాని పుస్తకం. ఒక పట్టీ లోపలివైపు ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన రెండంకెలు రంగుతో రాసి ఉంటాయి. 'ఎ 27' అనో, 'సి 28' అనో. అంకె సంవత్సరం. అక్షరం ఆ సంవత్సరంలో మూడేసి నెలల వాయిదా. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జులై నుంచి సెప్టెంబరు, డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. ఆ వాయిదా లోపల ఆ సిలిండరును తిరిగి పరీక్ష చేయించాలన్నమాట. పుట్టిన పదేళ్ళకు మొదటి పరీక్ష, ఆ తరువాత అయిదేళ్ళకోసారి.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. అది గ్యాసుకు గడువు కాదు. గ్యాసు మందుసీసాలో మందు కాదు, చెడిపోవటానికి. ఆ గడువు ఇనుముకు. నెలనెలా లారీ మీంచి కిందికి, కింది నుంచి సైకిలు మీదికి, మెట్లమీద టకటకా దొర్లింపులు, వానలు, తుప్పు - ఇన్ని పడ్డ ఒళ్ళు ఇంకా గట్టిగా ఉందా లేదా అని చూడటానికి. గడువు దాటినదాన్ని మళ్ళీ నింపకూడదనీ, పరీక్షకు పంపాలనీ నియమం. నాగపూరులో పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటుంది. ఈ సిలిండర్లన్నీ దాని అదుపాజ్ఞల్లో ఉంటాయి.

"పరీక్షంటే ఏం చేస్తారురా? గ్యాసు కొట్టి పేలుతుందేమో చూస్తారా?" అన్నాను.

వాడు నవ్వాడు. నీళ్ళు పోస్తారట! సిలిండరు నిండా నీళ్ళు పోసి, ఆ నీళ్ళను పంపుతో నొక్కుతారు. ఎందుకంటే గాలిని నొక్కితే ముడుచుకుని లోపల బలం దాచుకుంటుంది; సందు దొరికితే ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. నీళ్ళు అలా ముడుచుకోవు. అంచేత పరీక్షలో సిలిండరు ఎక్కడైనా బీటవేసినా, నీళ్ళు చిమ్మి ఊరుకుంటాయి గాని పక్కనున్నవాళ్ళ ప్రాణాలు తీయవు. కోపం లోపల దాచుకునేవాళ్ళకంటే అప్పటికప్పుడు కసిరేసేవాళ్ళు నయమని మా అత్తగారు అంటుండేవారు. ఆవిడకు ఫిజిక్సు తెలుసునని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

మిగిలిన పట్టీలమీద గుద్దిన రాతలుంటాయి. చేసిన కంపెనీ గుర్తు, వరస నంబరు, ఐ.ఎస్.ఐ. ముద్ర, ఎన్ని లీటర్ల నీళ్ళు పట్టేదీ, ఎంత ఒత్తిడికి పరీక్షించిందీ. ఇంకా మనకు పనికొచ్చేది ఖాళీ సిలిండరు బరువు. అది పదిహేను కిలోల మీద కొన్ని వందల గ్రాములుంటుంది, ఒక్కోదానికి ఒక్కోలా. దానికి 14.2 కిలోల గ్యాసు కలిపితే రావలసిన బరువు. తెచ్చే అబ్బాయి దగ్గర త్రాసు ఉండాలి, మనం అడిగితే తూచి చూపించాలి. కందిపప్పు పావుకిలో తక్కువైతే కొట్టువాడితో పోట్లాడే మనం, ఈ తూకం ఎన్నిసార్లు అడిగాం చెప్పండి?

ఇదంతా వింటుంటే నాకు మా పక్కనే ఉన్న త్రిపురాంతకం గుడి గుర్తుకొచ్చింది. కాలేజీ రోజుల్లో అక్కడి శాసనాలమీద నాకు పిచ్చి ఉండేది. కాకతీయుల కాలంలో అంబదేవుడని ఒకాయన 1290లో వేయించిన శాసనముంది అక్కడ, తాను ఎవరెవరిని జయించాడో వరుసగా చెప్పుకుంటూ. దానశాసనాలైతే ఇంకా ముచ్చటగా ఉంటాయి. ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఎంత కొలత, ఎవరు సాక్షి - ఇన్నీ ఉంటాయి. అంతా అయ్యాక చివర ఒక శాపం, దీనికి ఎవరైనా హాని చేస్తే గంగ ఒడ్డున గోహత్య చేసిన పాపాన పోతారని. రాతిమీద ఎందుకు చెక్కించారు? తాటాకు పోతుంది, మనిషి పోతాడు, మాట మారుతుంది గనక.

మేనల్లుడి కర్మాగారంలో జరిగేదీ అదేనట. పీపా తయారయ్యాక దాని ఒంటికి ఒక లోహపు పలక బిగిస్తారు. చేసినవాళ్ళ పేరు, వరస నంబరు, సంవత్సరం, ఎంత ఒత్తిడికి, ఎంత వేడికి తట్టుకునేలా చేశారో, ఎంతకు పరీక్షించారో, పక్కన తనిఖీ చేసిన సంస్థ ముద్ర. దేశాన్నిబట్టి ముద్ర మారుతుంది. అమెరికా వాళ్ళ నియమాల ప్రకారం చేస్తే 'యు' అక్షరం ముద్ర పడుతుంది. అక్కడ 1919లో నేషనల్ బోర్డని ఒకటి పుట్టింది. దాని దగ్గర నమోదైన పీపాకు ఒక నంబరుంటుంది. హ్యూస్టన్‌లో మావాడి స్నేహితుడొకడు నూనె శుద్ధి కర్మాగారంలో చేస్తాడు. ఎప్పుడో ఎవరో చేసిన పీపా ఎదురైతే, ముందుగా మట్టి తుడిచి ఆ నంబరు చూస్తాడట. నంబరు దొరికితే తీగ దొరికినట్టే. లాగితే డొంకంతా కదిలి వస్తుంది. రేకు ఎంత మందం, ఏ రకం ఉక్కు, అతుకులను ఎలా పరీక్షించారు, సంతకం ఎవరిది - అన్నీ బయటికొస్తాయి.

రేకు మందం అంటే గుర్తొచ్చింది. లోపలి ద్రవాలు ఏళ్ళ తరబడి ఉక్కును కొరుక్కు తింటాయని ముందే లెక్కవేసి, ఆ మేరకు మందం ఎక్కువ పెడతారట. ఎదిగే పిల్లకు గౌను కుట్టేటప్పుడు మనం మడత వదలమూ? అలాగన్నమాట. కాకపోతే మన పిల్ల పెరుగుతుంది, వాళ్ళ పీపా అరుగుతుంది.

వాడు చెప్పిన వాటిలో నాకు మనసుకు పట్టింది మరొకటి. అతుకు వేసే ప్రతి వెల్డరుకూ ఒక నంబరుంటుంది. తాను వేసిన అతుకు పక్కన ఆ నంబరు పడుతుంది, లేకపోతే రిజిస్టరులో ఎక్కుతుంది. ఆ అతుకును ఎక్సురే తీస్తారు. లోపల ఆవగింజంత బుడగ కనబడితే ఎవరి చేతిదో తెలిసిపోతుంది. మొదట ఇది పనివాడి మీద నిఘా అనిపించింది నాకు. మళ్ళీ ఆలోచిస్తే, త్రిపురాంతకంలో అన్ని రాళ్ళు చూశాను గదా, వేయించిన రాజు పేరు పెద్దగా కనబడుతుంది. ఉలి పట్టి చెక్కినవాడెవడో చాలా రాళ్ళమీద కనబడదు. ఈ పీపామీద యజమాని పేరుతోపాటు అతుకు వేసినవాడి ఆనవాలూ ఉంది. పేరు కాదు, ఉత్త అంకే. అయినా ఉంది.

మరి శాపం సంగతి? అదీ ఉందండోయ్. ఆవిరి బాయిలరును తనిఖీ అధికారి కొలిచి, చూసి, రిజిస్టరులో ఎక్కించి ఒక నంబరు కేటాయిస్తాడు. యజమాని ఆ నంబరును బాయిలరు ఒంటిమీద చెరగకుండా చెక్కించాలి. తనకివ్వని నంబరును మోసంగా చెక్కించుకున్నవాడికి రెండేళ్ళదాకా జైలని 1923 బాయిలర్ల చట్టం రాసింది. గోహత్యా పాతకం కన్నా ఇది కాస్త త్వరగా అనుభవంలోకి వస్తుంది.

ఈ చట్టాలేవీ దొరవారు తీరికగా కూర్చుని ఆలోచిస్తే వచ్చినవి కావు. కలకత్తాలో 1863లో ఒక బాయిలరు పేలింది. మరుసటి ఏడే బెంగాలులో తనిఖీ చట్టం వచ్చింది. ఆ తరువాత ఒక్కో రాష్ట్రం ఒక్కో చట్టం చేసుకుని గందరగోళమైతే, చివరికి దేశమంతటికీ ఒకటిగా 1923లో చేశారు. దాని స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. అమెరికాలోనూ అంతే. 1905 మార్చిలో మసాచుసెట్స్‌లోని బ్రాక్టన్ అనే ఊళ్ళో చెప్పుల ఫ్యాక్టరీ బాయిలరు కప్పు చీల్చుకుని ఎగిరిపోయింది. భవనం కూలి, మంటలంటుకుని 58 మంది పోయారు. బీట అతుకు లోపల దాక్కుని ఉంది, పైకి కనబడలేదు. అప్పుడు మొదలైంది వాళ్ళ నియమావళి ప్రయత్నం. 1914కి ఒక రూపానికొచ్చింది. ఆ 'యు' ముద్ర వెనకాల ఉన్నది ఆ నియమావళే. పసుపూ కుంకుమా ఎన్ని ఇళ్ళల్లో పోతే ఒక ముద్ర పుట్టింది!

మేనల్లుడు శ్రీశైలం వెళ్ళిపోయాడు. నేను ఈ చదువును మా పక్కింటావిడకు ఒప్పజెప్పాను. ఆవిడ మా వీధి చివరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. చిన్నప్పుడు మార్కాపురం పలకల గనుల్లో నాన్న వెంట రాళ్ళు మోసింది. దేశంలో పిల్లలంతా అ ఆలు దిద్దిన పలకలు చెక్కిన ఊరి మనిషి, తను మాత్రం మూడో తరగతి దాటలేదు.

"నాకు ఇంగిలీసు రాదుగదక్కా, ఆ నాలుగు అచ్చరాలు ఎట్టా గుర్తుపెట్టుకునేది?" అంది.

ఇద్దరం కలిసి పండగలు కట్టాం. ఎ అంటే సంక్రాంతి, శివరాత్రి. బి అంటే మామిడికాయలు, ఎండలు. సి అంటే శ్రావణ శుక్రవారాలు, వినాయక చవితి. డి అంటే దీపావళి, కార్తీక దీపాలు. నాలుగు అక్షరాలనూ తన మనవడి పలకమీద రాయించుకుని వంటపాక గోడకు తగిలించింది.

ఆ శ్రావణమాసంలోనే బడికి సిలిండరు వచ్చింది. నేను అటు పోతూ ఆగాను. ఆవిడ కొంగు బిగించి, వంగి, పట్టీ లోపలికి తొంగి చూసి, పలక వంక చూసి, మళ్ళీ పట్టీ వంక చూసింది. 'ఎ 25' అని ఉంది.

"ఇది సంక్రాంతిది. సంక్రాంతి పోయి ఎన్నాళ్ళయింది అబ్బాయ్? నాకొద్దు, తీసకపో" అంది.

తెచ్చిన కుర్రాడు నా వంక కూడా చూసి, "పెద్దమ్మా, అది గ్యాసు డేటు కాదు. గ్యాసుకేం కాదు" అన్నాడు.

"గ్యాసు సంగతి గాదు నేననేది. డబ్బా సంగతి."

కుర్రాడు నోరు తెరిచాడు, మళ్ళీ మూశాడు. వాడికి ఇంకా పదిళ్ళు తిరగాలి. వాడి కష్టం వాడిది. సణుక్కుంటూ బండెక్కించుకు పోయాడు. అయితే, మరొకటి రావటానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆవిడ కట్టెలతో వండింది. వానకు తడిసిన కట్టెలు. పాకంతా పొగ, కళ్ళు చింతనిప్పుల్లా ఎర్రబడ్డాయి. హెడ్మాస్టరుగారు కూడా, "తీసుకుని ఉంటే సరిపోయేదేమో, ఒక్క నెల కదా" అన్నారు. మావారూ అదే మాట అన్నారు, ఇంట్లో.

నిజమే, గడువు దాటగానే ఆ రాత్రే పేలిపోతుందని ఎవరూ అనరు. ఇళ్ళల్లో జరిగే అనర్థాలకు రబ్బరు గొట్టం పగుళ్ళు, వాల్వు దగ్గర కారుడే తరచుగా కారణమని మావాడే చెప్పాడు. ఆ గొట్టానికీ ఐ.ఎస్.ఐ. ముద్ర ఉండాలి, దాన్నీ అయిదేళ్ళకోసారి మార్చాలి. కాని, ఆవిడతో ఈ మాటలన్నీ అనటానికి నాకు నోరు రాలేదు. ఉడుకుతున్న అన్నం గుండిగకు పది గజాల దూరంలో పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. సంతకాలు పెట్టేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు. మంట పక్కన నిలబడేది ఆవిడ ఒక్కతే. ఆ పొగ భరించాలో వద్దో తేల్చుకునే హక్కు నా లెక్కన ఆవిడదే. హెడ్మాస్టరుగారిది కాదు, మావారిది అసలే కాదు.

కొత్త సిలిండరు వచ్చింది, 'బి 29'. "మామిడికాయల కాలందాకా, ఇంకా నాలుగేళ్ళుండాది" అని నాకే చెప్పి, గొట్టం బిగించుకుంది.

ఆ సాయంత్రం ఒక కుక్కరు చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చింది. ఎప్పుడో తిరునాళ్ళలో కొన్నదట.

"అక్కా, ఇది గూడా ఆవిరి డబ్బానేగదా? దీని మీదేం రాసుందో జూడు" అంది.

ఆవిరి డబ్బానే. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచాయన ఎముకలు మెత్తగా ఉడికించటానికి చేసిన గిన్నెకు వారసురాలే మన కుక్కరు. అది పేలకుండా ఉండటానికి బరువు పెట్టిన మూత కనిపెట్టిందీ ఆయనే. మనం ఈల లెక్కపెట్టుకునే వెయిటు ఆ వంశానిదే. బాయిలర్ల చట్టం ఇంత చిన్న గిన్నెల జోలికి రాదు. ఇంతకంటే బాగా పెద్దవాటి సంగతే 1923 చట్టం చూసింది. కుక్కరు కోసం వేరే ప్రమాణం ఉంది, ఐ.ఎస్. 2347 అని. 2021 ఫిబ్రవరి నుంచి ఆ ముద్ర లేకుండా కుక్కర్లు చేసి అమ్మకూడదని ఉత్తర్వు కూడా ఉంది.

ముద్ర అంటే ఉత్త ఐ.ఎస్.ఐ. బొమ్మ ఒక్కటే చాలదు. బొమ్మ నెత్తిమీద ఆ ప్రమాణం నంబరుండాలి, బొమ్మ కాళ్ళ దగ్గర 'సి.ఎం./ఎల్' అని మొదలయ్యే లైసెన్సు నంబరుండాలి. ఆ లైసెన్సు నంబరు ఫోనులో బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో కొడితే, అది ఏ కంపెనీకిచ్చిందో, ఇంకా చెల్లుతోందో లేదో చెబుతుంది. ముందు మా కుక్కరు తిరగేసి చూశాం. అడుగున మసి కింద దాక్కుని ఉన్నాయి, పైనొకటి, కిందొకటి. ఫోనులో కొడితే కంపెనీ పేరు సరిగ్గా వచ్చింది. మావారు కూడా పేపరు పక్కనపెట్టి వచ్చి చూశారు.

తరువాత ఆవిడ కుక్కరు తిరగేశాం. కొబ్బరిపీచు పెట్టి రుద్దాం, చింతపండు పెట్టి తోమాం. బొమ్మ ఉంది. తళతళ్ళాడుతూ, అసలుదాని కంటే అందంగా ఉంది. దాని పైనా ఏమీ లేదు, కిందా ఏమీ లేదు.

ఆవిడ వేలితో ఆ ఖాళీ జాగాను రెండుసార్లు తడిమి చూసింది. వెయిటు తీసి నా చేతిలో పెట్టి, మూత పక్కన పెట్టింది.

"పోనీలే అక్కా, గిన్నె గట్టిగానే ఉందిగా. కందిపప్పు పోసుకుంటా దీంట్లో" అని, ఉత్త గిన్నె చంకనెత్తుకుని వెళ్ళింది.